పాతకాలపు ఫుట్‌బాల్ ఆటగాడిని గేమ్‌లోకి తేవాలంటే నంబర్లు ఎలా వేయాలి?

"అన్నా, బలరామ్‌కి స్పీడ్ ఎంత పెట్టినావు?" "పీలేకి అన్నీ 99 పెట్టేస్తే సరిపోతుందా?" నెలకి నాలుగైదుసార్లు ఇవే ప్రశ్నలు నా ఫోన్‌కి వస్తుంటాయి. తిరుపతిలో మేం ఆరేడుగురం ప్రతి ఆదివారం ఒక గదిలో చేరి, పెస్ 2021 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో ఎడిట్ మోడ్‌తో (ఆటగాళ్ల నైపుణ్యాలకి మనమే నంబర్లు వేసుకునే మెనూ) పాత ఆటగాళ్లను తయారుచేసుకుని కప్ ఆడుకుంటాం. విడివిడిగా జవాబులు రాసి చేతులు నొప్పెడుతున్నాయి కాబట్టి అంతా ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. మీ దగ్గరున్నది వేరే గేమ్ అయినా పద్ధతి ఇదే, మెనూలో పేర్లు మాత్రం మారతాయి.

ముందు నా అనుభవం చెప్తాను. 1960 ఒలింపిక్స్‌లో భారత్‌కి ఆడిన ఫార్వర్డ్ తులసీదాస్ బలరామ్‌ని నేను మొదటిసారి తయారుచేసినప్పుడు అభిమానం కొద్దీ దాదాపు అన్నిట్లో 90 దాటించాను. మొదటి మ్యాచ్‌లోనే ఆరు గోల్స్. మూడో మ్యాచ్‌కి మావాళ్లు కంట్రోలర్ పక్కన పెట్టేసి, "ఇది బలరామ్ కాదన్నా, మెస్సీకి పేరు మార్చినావు" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. ఎక్కువ నంబర్లు వేస్తే గొప్ప ఆటగాడు వస్తాడు, అంతే. ఫలానా ఆటగాడు రావాలంటే అతనికి రానివి కూడా నంబర్లలో కనపడాలి.

కావలసినవి

- ఎడిట్ మోడ్ ఉన్న గేమ్. పెస్‌లో ఒక్కో నైపుణ్యం 40 నుంచి 99 వరకు ఉంటుంది.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటే వారం తర్వాత ఎక్కడుందో దొరకదు.
- ఆ ఆటగాడి మ్యాచ్ వీడియో. పూర్తి మ్యాచ్ అయితే మేలు. గోల్స్ మాత్రమే ఉన్న ముక్కలతో జాగ్రత్త.
- స్టాప్‌వాచ్. ఫోన్‌లోది చాలు.
- వీలైతే, ఆ రోజుల్లో ఫుట్‌బాల్ చూసిన పెద్దమనిషి ఒకరు.

1. ముందు ఏడాది తేల్చుకోండి

ఆటగాడి పేరు ఒక్కటే చాలదు. పేరు పక్కన ఏడాది రాయండి. పీలే 1977 సెప్టెంబరులో న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి, ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు. స్కోరు 2-2. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు, పైగా వాన పడి గ్రౌండంతా బురద. ఆ రోజు స్టేడియంలో కూర్చున్నవాళ్లు చెప్పే పీలే వేరు, 1970 ప్రపంచకప్ పీలే వేరు. రెండూ కలిపి ఒక్క మనిషిని చేస్తే అలాంటివాడు ఏ ఏడాదిలోనూ ఆడలేదన్నమాట.

నా బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్ నాటివాడు. అలా తేల్చుకోవడంతో ఒక పెద్ద తప్పు తప్పింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన బలరామ్, ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, సుమారు ఇరవయ్యేడేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. ఇది చదివిన ఒక తమ్ముడు ఆయనకి స్టామినా 55 పెట్టి నాకు పంపాడు. జబ్బు ఆటని ఆపేసిన మాట నిజమే. కానీ 1960లో ఆయన వారం రోజుల్లో హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో మూడు మ్యాచ్‌లు ఆడాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు కూడా లేరు. మీరు ఏ ఏడాది ఎంచుకున్నారో ఆ ఏడాది శరీరానికే మార్కులు వేయాలి.

2. ఏ కొలతతో కొలుస్తున్నారో నిర్ణయించుకోండి

రెండు దారులున్నాయి. అప్పటి ఆటగాళ్లతో పోల్చి వేయడం ఒకటి. ఇప్పటి ఆటగాళ్ల మధ్య దింపితే ఎలా ఆడతాడో ఊహించి వేయడం రెండోది. పాతవాళ్లతోనే కప్ ఆడుకునేటట్టయితే మొదటిదే మంచిది. ఎంబాపే మీద ఆడించాలనుకుంటే రెండోది. ఏదైనా ఫర్వాలేదు కానీ ఒకే ఆటగాడిలో స్పీడ్‌కి ఒక కొలత, పాసింగ్‌కి ఇంకో కొలత వాడకండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

మేం వాడే మెట్లు ఇవి. 50ల్లో అంటే ఆ పని చేతకాదు. 60ల్లో అంటే సరిపెట్టుకుంటాడు. 70 నుంచి 79 అంటే నమ్మొచ్చు. 80 దాటితే జట్టులో ఆ పనికి ముందు అతని పేరే చెప్తారు. 85 దాటితే ఎదుటి జట్టు అతని కోసం విడిగా ప్లాన్ వేసుకుని రావాలి. 90 దాటితే ఆ ఒక్క పనికి ప్రపంచమంతా తెలిసినవాడై ఉండాలి. 99 కొండ మీద లడ్డూ కాదు, వచ్చినవాళ్లందరికీ పంచడానికి.

కొలత నిలబడాలంటే అటువైపు ఎవరున్నారో కూడా చూడాలి. రోమ్‌లో భారత్ హంగేరీ చేతిలో 2-1తో ఓడింది, మన గోల్ బలరామ్‌ది. ఆ హంగేరీకి చివరికి కాంస్యం దక్కింది. ఆ జట్టులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ గెలిచాడు. అలాంటి జట్టు మీద పనిచేసిన నైపుణ్యానికి, స్థానిక లీగ్‌లో పనిచేసిన నైపుణ్యానికి ఒకే నంబర్ వేయలేం.

3. నోట్‌బుక్‌లో సాక్ష్యం రాయండి

ఒక్కో నైపుణ్యానికి ఒక్కో లైను. పక్కన మూడు గుర్తుల్లో ఒకటి: వీడియోలో మీరే చూస్తే "చూ", నమ్మదగినచోట చదివితే "చ", ఊహిస్తే "ఊ". మా నియమం చిన్నదే. 80 దాటిన ప్రతి నంబర్‌కి రెండు సాక్ష్యాలు ఉండాలి. "ఊ" ఉన్న నంబర్ 72 దాటకూడదు.

పొగడ్త సాక్ష్యం కాదు. "అద్భుతమైన ఆటగాడు" అన్న వాక్యం నుంచి ఏ నంబరూ రాదు. "ఎడమవైపు నుంచి లోపలికి వచ్చి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కి (వింగర్‌కి, సెంటర్ ఫార్వర్డ్‌కి మధ్య ఆడేవాడు) ఇచ్చాడు" అన్న వాక్యం నుంచి లో పాస్ (నేల మీద ఇచ్చే పాస్), పొజిషన్, ఆడే తీరు మూడూ వస్తాయి.

పెద్దవాళ్లని అడిగేటప్పుడూ ఇంతే. మా వీధిలో రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. వయసులో ఉండగా సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ బాగా చూసేవారట. అప్పటి రైల్వే జట్టులో ఒక వింగర్ గురించి, "తాతా, బాగా ఆడేవాడా?" అని అడిగితే "దేవుడప్పా!" అని ఊరుకున్నారు. ఆ మాటతో ఏం వేస్తాం? మళ్లీ అడిగాను: "బంతి కాలికి తగలంగానే మొదట ఏం చేసేవాడు తాతా?"

ఆయన కాఫీ గ్లాసు టేబుల్ మధ్యకి జరిపారు. అగ్గిపెట్టె తెచ్చి దానికెదురుగా నిలబెట్టారు. గ్లాసుని కొంచెం ముందుకి జరిపి ఆపేశారు. "ఇట్లా ఆగతాడు. వీడు కాలు చాపేదాకా కదలడు." అగ్గిపెట్టెని పడుకోబెట్టారు. "చాపినాడా, ఇంక పోతాడు." గ్లాసు సర్రున టేబుల్ అంచుదాకా పోయింది, కాఫీ కొంచెం ఒలికింది కూడా.

ఇలాంటిది దొరికితే పండగే. ఇందులో స్పీడ్ ఎంతో తెలియదు, కానీ యాక్సిలరేషన్ (ఆగినచోటు నుంచి వేగం అందుకోవడం), టైట్ పొజెషన్ (ఇరుకులో బంతిని కాలి దగ్గరే ఉంచుకోవడం) ఎక్కువని తెలిసిపోయింది. స్పీడ్‌ని 72 దగ్గర ఉంచి ఆ రెండిటికీ 79 వేశాం. కాబట్టి "ఎంత గొప్పవాడు?" అని ఎప్పుడూ అడగకండి. "ఎక్కడ నిలబడేవాడు?", "ఏ కాలితో ఆపేవాడు?", "బంతి పోగొట్టుకుంటే వెనక్కి పరిగెత్తేవాడా?" అని అడగండి.

4. వీడియోని నమ్మేముందు దాని వేగం చూడండి

పాత ఫిల్ముల్లో కొన్నిటిని తీసిన వేగం ఒకటి, మనకి చూపించే వేగం ఇంకొకటి. 1920ల, 30ల నాటి వాటిలో ఇది మరీ ఎక్కువ. మనుషులు చీమల్లా గబగబా కదులుతుంటారు. అది చూసి స్పీడ్ 95 వేసేస్తారు.

పరీక్ష తేలిక. గాల్లోకి లేచిన బంతి అయిదు మీటర్ల ఎత్తు నుంచి కింద పడడానికి సుమారు ఒక సెకను పడుతుంది. గోల్ క్రాస్‌బార్ 2.44 మీటర్లు. పైకి లేచిన బంతి సరిగ్గా ఆ ఎత్తులో ఆగి కిందికి తిరిగితే నేలని తాకడానికి సుమారు 0.7 సెకన్లు. మీ వీడియోలో అది అర సెకనులోనే పడిపోతుంటే వీడియో పరుగెడుతోందని అర్థం. ప్లేయర్‌లో వేగం తగ్గించుకుని మళ్లీ చూడండి.

ఆ తర్వాత స్పీడ్. పెనాల్టీ ఏరియా లోతు 16.5 మీటర్లు. ఆటగాడు ఆ గీత నుంచి గోల్ లైను దాకా తిన్నగా పరిగెత్తిన సందర్భం వెతికి టైమ్ చూడండి. రెండు సెకన్లు పడితే గంటకి దాదాపు 30 కిలోమీటర్లు, అంటే మంచి వేగమే. మూడు సెకన్లయితే 20 కూడా లేదు. అప్పటికే పరుగులో ఉన్న మనిషికి కట్టాలి. నిలబడ్డచోటు నుంచి బయల్దేరినవాడికి కడితే అది యాక్సిలరేషన్ లెక్క అవుతుంది.

వీడియో అసలు దొరకకపోతే? మన పాత ఆటగాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. అప్పుడు పొజిషన్‌తో మొదలుపెట్టండి. ఆ పొజిషన్‌లో మీ గేమ్‌లో ఉన్న మామూలు ఆటగాడిని ఒకడిని కాపీ చేసుకుని, చదివిన సాక్ష్యం ఉన్నచోట మాత్రం మార్చండి. మిగిలినవి ముట్టుకోకండి. ఖాళీలన్నీ ఊహతో నింపడం కంటే ఇది వంద రెట్లు నయం.

5. తక్కువ నంబర్లు ముందు వేయండి

ఎక్కువ నంబర్లు వేయడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. అందుకే ముందు అతనికి రానివి ఏవో తేల్చేయండి. కనీసం నాలుగు నైపుణ్యాలు 65 కంటే కింద ఉండాలని మా గదిలో రూలు.

పుష్కాష్‌ని చూడండి. హంగేరీకి 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్. ఫినిషింగ్ 97 వేసినా ఎవరూ గొడవ పెట్టరు. కానీ ఆయన ఎడమకాలి మనిషి. వీక్ ఫుట్‌కి (బలహీనమైన కాలికి) వాడకం, గురి రెండు చోట్లా 4 పెట్టేస్తే పుష్కాష్ పోయి ఇంకెవరో మిగులుతారు. వీక్ ఫుట్ వాడకం 1 పెట్టి చూడండి. బంతి కుడికాలికి వచ్చినా తిప్పుకుని ఎడమకాలితోనే కొడతాడు. అప్పుడు మావాళ్లు పేరు చూడకుండానే గుర్తుపట్టారు.

బ్రెజిల్ వింగర్ గారించా విషయంలో దీనికి తిరగేసిన తప్పు చేస్తారు. ఆయన కాళ్లు వంకర అని చదివి బ్యాలెన్స్ 60 వేసేస్తారు. అదే కాళ్లతో 1962 ప్రపంచకప్‌లో, రెండో మ్యాచ్‌లోనే పీలే గాయపడ్డాక, బ్రెజిల్‌ని గెలిపించాడు. కాళ్ల ఆకారానికి మార్కులు లేవు, ఆ కాళ్లు చేసిన పనికే. బ్యాలెన్స్ ఎక్కువ, డిఫెన్స్ పనులు బాగా తక్కువ, అదీ లెక్క.

6. ఇప్పుడు ఎక్కువ నంబర్లు

నా బలరామ్ 1960కి ఇప్పుడున్నవాటిలో కొన్ని ఇవి, అప్పటి కొలతతో: బాల్ కంట్రోల్ 86, డ్రిబ్లింగ్ 84, లో పాస్ 84, ఆఫెన్సివ్ అవేర్‌నెస్ 83, స్టామినా 82, ఫినిషింగ్ 81, స్పీడ్ 79, కిక్కింగ్ పవర్ 74, హెడింగ్ 68, ఫిజికల్ కాంటాక్ట్ 64, డిఫెన్సివ్ అవేర్‌నెస్ 56, బాల్ విన్నింగ్ 52. పొజిషన్ లెఫ్ట్ వింగర్, రెండోది సెకండ్ స్ట్రైకర్ (ముఖ్య స్ట్రైకర్‌కి కొంచెం వెనక ఆడేవాడు).

ఫినిషింగ్ 81 మీదే ఎక్కువ వాదన జరిగింది. రోమ్‌లో భారత్ కొట్టినవి మొత్తం మూడు గోల్స్. హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి బలరామ్‌వి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రాలో గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. అంటే మూడింట రెండు ఈయనవే, మరి 90 ఎందుకు వేయకూడదని మా గదిలో ఒకడి పట్టు. మూడు మ్యాచ్‌లతో 90 వేయలేం. పైగా గోల్స్ అన్నీ ఫినిషింగ్ ఖాతాలోకే రావు. సరైన చోట ఉండడం ఆఫెన్సివ్ అవేర్‌నెస్, బంతిని ఆపుకోవడం బాల్ కంట్రోల్. ఒకే గోల్‌ని మూడు చోట్ల లెక్కేస్తే ఆటగాడు ఉబ్బిపోతాడు.

స్టామినా దగ్గర ఇంకో మెలిక ఉంది. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే. కాబట్టి "సీజనంతా ఆడాడు" అన్నది ఒక్కటే స్టామినాకి సాక్ష్యం కాదు, అంతర్జాతీయ మ్యాచ్‌లు చూడాలి. రోమ్ లేకపోతే 82 బదులు 75తో ఆపేవాడిని.

కిక్కింగ్ పవర్, హెడింగ్ వేసేటప్పుడు అప్పటి తోలు బంతిని గుర్తుపెట్టుకోండి. తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. ఆ బంతితో దూరం నుంచి గోల్ కొట్టినవాడికి ఇప్పటి కొలతతో వేస్తుంటే రెండు మూడు మార్కులు కలపొచ్చు. అప్పటి కొలతతో వేస్తుంటే కలపకండి, ఎదుటివాడు తన్నిందీ అదే బంతి.

గోల్‌కీపర్ల గురించి చిన్న మాట. మన పీటర్ తంగరాజ్, సోవియట్ కీపర్ యాషిన్ లాంటివాళ్లని చేస్తుంటే, వెనక్కి ఇచ్చిన పాస్‌ని కీపర్ చేత్తో పట్టకూడదన్న నియమం 1992లో వచ్చిందని గుర్తుంచుకోండి. అంతకుముందు కాలితో ఆడే అవసరమే తక్కువ. కాలి నైపుణ్యాలు 55 దగ్గర వదిలేసి, మీ శ్రమంతా క్యాచింగ్, రీచ్, రిఫ్లెక్స్‌ల మీద పెట్టండి.

7. పరీక్షించండి

నంబర్లు వేసి సేవ్ చేయగానే పని అయిపోయిందనుకుంటారు. ఇక్కడే సగం పని ఉంది.

మొదట కంప్యూటర్‌కి కంప్యూటర్‌నే పెట్టి పది నిమిషాల మ్యాచ్‌లు పది ఆడించండి. మీరు ఆడకండి, మీరు ఆడితే మీ చెయ్యి కనపడుతుంది కానీ ఆటగాడు కనపడడు. ఒక్కో మ్యాచ్‌కి నాలుగు రాసుకోండి: ఎన్ని షాట్లు, ఎన్ని గోల్స్, గోల్ ఇచ్చిన పాస్‌లు ఎన్ని, బంతి ఎక్కువగా ఎక్కడ అందుకున్నాడు. బలరామ్ మొదటి రూపం పది మ్యాచ్‌ల్లో 31 గోల్స్ కొట్టాడు. ఇప్పటి రూపం ఏడు కొట్టి తొమ్మిది కొట్టించాడు. నాకు కావలసింది ఈ రెండోదే.

గోల్స్ ఎక్కువొస్తే వెంటనే ఫినిషింగ్ కోయకండి. గోల్స్ ఎలా వచ్చాయో చూడండి. అందరినీ దాటి పరిగెత్తి కొడుతుంటే స్పీడ్ ఎక్కువైంది. డిఫెండర్‌ని గుద్దుకుని వెళ్తుంటే ఫిజికల్ కాంటాక్ట్ ఎక్కువైంది. ఒకసారికి ఒక్క నంబర్, అదీ రెండు మూడు మార్కులే మార్చి, మళ్లీ అయిదు మ్యాచ్‌లు చూడండి. ఒకేసారి ఆరు మార్చితే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలియదు.

రెండో పరీక్ష, పేరు దాచడం. ఆటగాడి పేరు "కొత్త కుర్రాడు" అని మార్చి, జెర్సీ నంబర్ కూడా మార్చి, ఆ ఆటగాడి గురించి తెలిసిన స్నేహితుడి చేతికి కంట్రోలర్ ఇవ్వండి. రెండు మ్యాచ్‌లయ్యాక "ఎవరిలా ఉన్నాడు?" అని అడగండి. పేరు చెప్పలేకపోయినా ఫర్వాలేదు, ఏం చెప్తాడో రాసుకోండి. "బాగున్నాడు" అంటే మీరు ఫెయిల్. "వీడు కొట్టడన్నా, ఇచ్చేస్తాడు, వాడుకోవడం తెలియాలి" అన్నాడు మావాడు బలరామ్ గురించి. నేను నోట్‌బుక్ మూసేసింది అప్పుడే.

ఎక్కువమంది చేసే తప్పులు, ఇంకో మూడు

ఓవరాల్ 88 రావాలని ముందే అనుకుని దానికోసం నంబర్లు సర్దడం. పెస్‌లో ఓవరాల్ పొజిషన్‌ని బట్టి గేమే లెక్కేస్తుంది. మీరు ఆ బాక్స్ మీద కాగితం ముక్క అంటించుకున్నా సరే, చివరిదాకా చూడకండి.

ఎత్తు, బరువు ఇష్టమొచ్చినట్టు పెట్టడం. హెడింగ్ 70 ఉన్నా ఎత్తు పది సెంటీమీటర్లు ఎక్కువ పెడితే ప్రతి కార్నర్‌కీ అతనే గెలుస్తాడు. తర్వాత తప్పు హెడింగ్ మీదకి తోస్తారు.

జట్టు ఘనతని మనిషికి కట్టేయడం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది కోచ్ రహీమ్ తయారుచేసిన మన భారత జట్టు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. ఆ పతకానికని పదకొండు మందికీ తలా అయిదు మార్కులు పెంచి పంపినవాళ్లున్నారు. కోచ్ తెలివి, మైదానంలో ఇంకోవైపున్న మన వింగర్ పరుగు కలిసిన పతకం అది. పెంచాలనుకుంటే జట్టు ఫార్మేషన్ సరిగ్గా పెట్టండి, నంబర్లు వదిలేయండి.

చివరగా, మార్చేముందు ప్రతిసారీ సేవ్ ఫైల్‌కి కాపీ తీసి, దాని తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. మే నెలలో మా గదిలో కరెంటు పోయి, రెండు వారాల పాటు తయారుచేసిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ భారత జట్టు మొత్తం ఎగిరిపోయింది. నంబర్లు నోట్‌బుక్‌లో ఉన్నాయి కాబట్టి ఒక్క రాత్రిలో మళ్లీ ఎక్కించగలిగాం. జెర్సీలు మాత్రం మళ్లీ మొదటి నుంచి గీసుకున్నాం.